పరిశోధక విద్యార్థి – అనధ్యయనము



ఆత్మకూరు పట్టణమునను, చుట్టుపట్ల గ్రామములందును ఈ కాలమున తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "మీవాడు ఇంకా చదువుతానే ఉండాడా?" అని. అడుగువారు చెడ్డవారు కారు. ఇరువది యెనిమిదేండ్లు నిండిన బిడ్డ ఎం.ఏ.యో, ఎం.ఎస్‌సి.యో ముగించియు ఉద్యోగమునకు పోక, పొలమునకు రాక, ఏదో విశ్వవిద్యాలయమున నున్నాడన్నచో పొరుగువాడడుగుట సహజమే. తండ్రి "పీహెచ్‌డీ చేస్తాండాడన్నా" అని చెప్పి మాట మార్చును. ఏల మార్చును? బిడ్డ చేయుచున్న పని యేమో తనకును తెలియదు. తెలియనందువలన సిగ్గు, సిగ్గువలన కోపము పుట్టును. ఆ కోపము రాత్రి టెలిఫోనులో బిడ్డమీద పడును.

నేను నలువది యేండ్లకు దగ్గరగా బడిలో చదువు చెప్పి విరమించినవాడను. నా శిష్యులలో కొందఱు ఈ పరిశోధన మార్గమున పోయిరి. వారి తలిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలకే ఈ ప్రసంగమున నాకు తోచిన సమాధానము చెప్పుచున్నాను. పరిశోధక విద్యార్థి ఏమి చేయును, ఏల తీరిక లేకుండును, సభలకని ఊళ్లు ఏల తిరుగును, ఇంటికి ఏల రాడు, వచ్చిన నాడు ఏల నిద్రించుచునే యుండును అనునవి ఆ ప్రశ్నలు.

మొదట ఒక మాట. ఈ చదువు మన సీమకు క్రొత్తది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954 లో నెలకొనువఱకు రాయలసీమలో విశ్వవిద్యాలయమే లేదు. అంతకుముందు పై చదువు కోరువాడు మదరాసునకో, వాల్తేరునకో పోవలసినదే. అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981 లోను, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము 2006 లోను, కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము 2008 లోను ఏర్పడినవి. కావున మన యిండ్లలో ఈ చదువును ముందు చూచినవారు లేరు. వైద్యుని బిడ్డ వైద్యము చదివినచో ఇంటివారికి ఆ త్రోవ తెలియును. వేరుసెనగ పండించు ఇంటినుండి పరిశోధనకు పోయిన బిడ్డకు త్రోవ చెప్పువారు లేరు. దారి తెలియనివాడు తప్పిపోవుట కంటె, దారి తెలియని యింటివారు వానిని వెనుకకు పిలుచుటయే ఎక్కువ జరుగుచున్నది.

ఎం.ఏ. వఱకు గల చదువు ఒక తీరు. అచట ప్రశ్నయు తెలిసినదే, సమాధానమును తెలిసినదే. గురువు చెప్పినదానిని శిష్యుడు గ్రహించి, పరీక్షలో వ్రాసి, ఉత్తీర్ణుడగును. బడి గంట కొట్టుదురు, పాఠము ముగియును. పరిశోధన అట్టిది కాదు. ఇచట ప్రశ్నను విద్యార్థియే వెదకికొనవలయును. సమాధానము గురువునకును తెలియదు. తెలిసియుండినచో అది పరిశోధనయే కాదు.

మన మెట్టభూములలో బావి త్రవ్వించినవారికి ఇది సులభముగా బోధపడును. నీరు పడునన్న నమ్మకముతో త్రవ్వుదుము. పది నిలువులు త్రవ్వినను బండ తగులవచ్చును. అంతమాత్రమున ఆ పని చేసినవాడు సోమరి యనము. మఱియొక చోట గుర్తు పెట్టి మరల త్రవ్వుదుము. పరిశోధక విద్యార్థికిని ఏడాదిపాటు చేసిన పని బండ తగిలి ఆగిపోవుట కలదు. అట్టి యేడాది చివర "ఏమి చేసితివి?" అని యింట అడిగినచో చూపుటకు వానికి మన్ను గుట్ట తప్ప నీరుండదు. పండుగకు వచ్చి మౌనముగా కూర్చుండు బిడ్డ మౌనమునకు కారణము తఱచుగా ఇదియే.

కాలపరిమితి యనగా, విశ్వవిద్యాలయముల గ్రాంటుల సంఘమువారు 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఈ చదువు మూడేండ్లకు తక్కువ కాక, ఆరేండ్లకు మించక యుండవలయును. మరల నమోదు చేసికొన్నచో ఇంక రెండేండ్లు ఈయవచ్చును. స్త్రీలకును, నూటికి నలువది పాళ్లు మించిన అంగవైకల్యము గలవారికిని దానిపైని మఱి రెండేండ్ల వెసులుబాటు గలదు. కావున నాలుగైదేండ్లు గడచినవని గుండె చెదరవలసిన పని లేదు. కొఱ్ఱ మూడు నెలలకు ఇంటికి వచ్చును, కంది ఆరు నెలలుండును. కంది చేనిగట్టున నిలిచి కొఱ్ఱతో పోల్చు రైతు ఎవడును లేడు గదా!

ధనము మాట కూడ చెప్పవలయును. జాతీయ అర్హత పరీక్షలో నెగ్గి భృతి పొందినవారికి 2023 జనవరి మొదలు నెలకు 37,000 రూపాయలు, రెండేండ్లయిన పిమ్మట 42,000 రూపాయలు నిర్ణయించిరి. ఇది చిన్న మొత్తము కాదు. కాని భృతి పొందువారు కొందఱే. తక్కినవారు కళాశాలలో గంటల లెక్కన పాఠములు చెప్పియో, ఇంటినుండి తెచ్చుకొనియో జరుపుకొనుచున్నారు. భృతి గలవారికిని అది నెలనెలా తప్పక చేతికి వచ్చునని చెప్పలేము. ఈ సంగతి బిడ్డలు ఇంట చెప్పరు.

ఇంక దినచర్య. ఆత్మకూరు కోడలొకతె అనంతపురమున పరిశోధన చేయుచున్నదని ఊహించుకొనుడు. మెట్టచేల మన్నులో వాన వెలిసిన తరువాత తేమ ఎన్నాళ్లు నిలుచుననునది ఆమె విషయము. రెండేండ్ల బిడ్డ ఆత్మకూరున అత్తగారి యొద్ద పెరుగుచున్నది. ఉదయమున ఆమె ప్రయోగశాలలో మన్ను తూచి, ఆరబెట్టి, మరల తూచును. ఒకనాడు ఆలస్యమైనచో ఆ వారపు లెక్క అంతయు చెడును. మధ్యాహ్నము గురువుగారు చెప్పిన పనులు, క్రింది తరగతులవారికి పాఠములు. సాయంకాలము చదువవలసిన వ్యాసములు. వ్రాయవలసినది రాత్రి. ఎనిమిది గంటలకు ఇంటినుండి టెలిఫోను వచ్చును. బిడ్డకు జ్వరమని తెలియును. ఆ రాత్రి వ్రాత సాగదు. తెల్లవాఱి బస్సు ఎక్కినచో తూకము చెడును, ఎక్కనిచో మనసు చెడును. ఈ రెంటి నడుమ ఆమె నిలిచియుండగా, ఆ వారముననే ఒక విద్వత్సభకు సంగ్రహవ్యాసము పంపుటకు గడువు ముగియును. పెద్దలు దీనిని చూచి "చదువుకొన్నవారికి ఇల్లు పట్టదు" అందురు. ఆ మాట అన్యాయమని నా అభిప్రాయము. ఇల్లు పట్టుటవలననే ఆమెకు నిద్ర పట్టలేదు.

విద్వత్సభ యనిన నేమి? ఇప్పటివారు సదస్సు అందురు, కాన్ఫరెన్సు అనియు అందురు. ఇది విహారయాత్రయని మనవారిలో ఒక అపోహ కలదు. బిడ్డ ఢిల్లీ పోయినాడు, చిత్రములు పంపినాడు, డబ్బు వ్యయమైనదని విసుగుకొందురు. నిజమునకు ఇది మనకు క్రొత్త ఆచారము కాదు. తుంగభద్ర కావలియొడ్డున గద్వాల సంస్థానమున ఏటేట పండితులను పిలిచి సభ తీర్చి సత్కరించెడివారు. దానికి చేరువనే ఆత్మకూరు సంస్థానముండెడిది. మన ఆత్మకూరు కాదు. తెలంగాణములోని ఆత్మకూరు, అమరచింత సంస్థానమనియు దానికి పేరు. పేరు ఒకటగుటచే మన బడిపిల్లలు ఆ కీర్తిని మన ఊరికి చేర్చి చెప్పుచుండిరి, నేను దిద్దుచుండెడివాడను. తిరుపతి వేంకటకవులు ఈ రెండు సంస్థానములను దర్శించినవారే. పండితుడు ఇంట కూర్చుండి ఎంత చదివినను, సభలో నిలిచి ప్రశ్నకు సమాధానము చెప్పినగాని వాని పాండిత్యము నిగ్గు తేలదని మన పూర్వులు నమ్మిరి. నేటి విద్వత్సభకును మూలము ఆ నమ్మకమే.

దాని నడక యిట్టిది. సభకు కొన్ని నెలల ముందుగా విద్యార్థి తన పనిని ఒక పుటలో సంగ్రహించి పంపును. అది తెలిసినవారు చదివి తగుననినచో పిలుపు వచ్చును. రైలో, బస్సో యెక్కి పోయి, ప్రవేశ రుసుము చెల్లించి, తన వంతు వచ్చినప్పుడు పది పదునైదు నిమిషములు చెప్పును. ఆ మీదట ప్రశ్నలు. ఎచటనో దూరదేశపు పండితుడొకడు లేచి, "నాయనా, నీ రెండవ లెక్కలో మంచును గణించితివా?" యని యడుగును. ఆ ఒక్క ప్రశ్నవలన ఒక యేడాది వ్యర్థశ్రమ తప్పును. ఇంట కూర్చుండినచో ఆ ప్రశ్న అడుగువాడు దొరకడు. 2016 నాటి నిబంధనలలో, సిద్ధాంతగ్రంథము సమర్పించుటకు ముందు రెండు సభలలో చదివియుండవలయుననియు, ఒక వ్యాసము ప్రకటించియుండవలయుననియు విధించిరి. 2022 నిబంధనలలో ఆ నిర్బంధమును తొలగించిరి. నిర్బంధము పోయినను, ఉద్యోగమునకు నిలుచునప్పుడు ఏయే సభలలో చదివితివని అడుగుట పోలేదు.

అన్ని సభలును పోదగినవేనా యనిన, కావు. రుసుము పుచ్చుకొని యోగ్యతాపత్రము చేతికిచ్చి పంపునట్టివి పుట్టగొడుగులవలె పెరిగినవి. వానిలో చదువువానిని వినువాడుండడు. నా శిష్యులకు నేను చెప్పునది యేటికి రెండు చాలునని. ఒకటి దగ్గరది, ఒకటి దూరపుది. మూడవదానికి పోవు రైలు ఖర్చుతో ఇంటికి వచ్చి పోవచ్చును.

ఇప్పుడు ఒక మహనీయుని సంగతి కొంచెము విపులముగా చెప్పెదను. పరిశోధక విద్యార్థి జీవితమునందలి కష్టములన్నియు ఒక్క మనుష్యునియందు చూడవలయుననిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని చూడవలయును.

ఆయన 1895 జనవరి 12 న భీమవరమున జన్మించెను. కడు బీదయిల్లు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవమారు నెగ్గెను. ఇది మన పల్లెల తలిదండ్రులు గుర్తుంచుకొనదగిన సంగతి. మదరాసున వైద్యము చదివెను. ఖద్దరు ధరించినందున ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టము మాఱుగా దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే పొందెను. 1919 లో వివాహమయ్యెను. ఆ దినములలోనే సంగ్రహణి వ్యాధిచే ఆయన సోదరులిద్దఱు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ వ్యాధియే సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. మామగారి సాయమును, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ సాయమును పొంది సముద్రము దాటి 1922 అక్టోబరు 26 న అమెరికాలోని బోస్టను నగరము చేరెను.

అచట హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్ట గడచుటకై ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరి రోగుల మలమూత్రపాత్రలు కడిగెను. మదరాసున వైద్యుడై వచ్చినవాడు ఆ పని చేసెను. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. విశ్రాంతి యెప్పుడో ఎవరును అడుగలేదు. అడుగుటకు ఇంటివారు పదివేల మైళ్ల కావల నుండిరి. ఆయన వెడలిపోయిన తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. తండ్రి బిడ్డ ముఖము చూడలేదు.

అట్టి దినములలోనే 1925 లో, ఫిస్కె యను ఆచార్యునితో కలిసి, రక్తమున గల భాస్వరమును లెక్కించు ఒక పద్ధతిని కనిపెట్టెను. వారిద్దఱి పేర్లతోనే అది ప్రయోగశాలలలో ప్రసిద్ధమయ్యెను. కండరములు పని చేయునప్పుడు వానికి శక్తి ఎచటనుండి వచ్చుననునది నాటి పండితుల చిక్కుప్రశ్న. ఆ ప్రశ్నను విడదీయు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927 లోను, ఏ.టి.పి. యను పదార్థమును 1929 లోను వారు గుర్తించిరి. మనము నాగలి పట్టినను, మెట్టు ఎక్కినను, కన్ను ఆర్పినను వ్యయమగు శక్తికి నాణెమువంటిది ఆ ఏ.టి.పి. ఇంత చేసిన మీదట 1930 లో ఆయనకు పి.హెచ్.డి. పట్టము వచ్చెను. అప్పటికి వయస్సు ముప్పది యైదు. ఆత్మకూరున అయినచో అప్పటికి ఎందఱు ఎన్ని ప్రశ్నలు అడిగియుందురో!

1940 లో ఆయన లెడర్లె యను మందుల సంస్థలో చేరెను. ఆయన నడపిన బృందమువారు 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. తన సోదరులను బలిగొన్న ఆ సంగ్రహణికి మందు అదియే. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశకమును ఆ సంస్థనుండియే వెలువడినవి. మన దేశమునకు ఆయన తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఆయనకొఱకు ఎదురుచూచుచు ఇచటనే యుండిరి. 1948 ఆగస్టున, రాత్రి పరుండినవాడు తెల్లవాఱి లేవలేదు. ఏబది మూడేండ్లు.

ఈ చరిత్రను పాఠశాలలలో చెప్పునప్పుడు మేము ఉపాధ్యాయులము ఒక రీతి ఉత్సాహముతో చెప్పుదుము. పిల్లలు కన్నులు పెద్దవి చేసికొని విందురు. నిద్ర మానినచో, ఇల్లు మఱచినచో గొప్పవారమగుదుమని వారిలో కొందఱు తలంతురు. ఇందు విచారింపదగినది కలదు. ఆయన గొప్పవాడైనది నిద్ర మానినందువలన కాదు. నిద్రకు చోటులేని పేదఱికములోనుండియు గొప్పవాడయ్యెను. ఈ రెంటికిని చాల భేదము గలదు. ఇంక పది యేండ్లు బ్రదికియుండినచో ఏయే మందులు వచ్చియుండెడివో ఎవరు చెప్పగలరు? ఆయన ఇల్లాలు పడిన ఒంటరితనమును ఏ పాఠ్యపుస్తకమును లెక్కించుట లేదు.

దీనికి ప్రక్కన మఱియొకరిని నిలుపుదును. సంఖ్యాశాస్త్రమున లోకవిఖ్యాతుడైన సి.ఆర్. రావుగారు తెలుగు కుటుంబమున 1920 సెప్టెంబరు 10 న హడగలిలో జన్మించెను. అది నాటి బళ్లారి జిల్లా, అనగా మన దత్తమండలములలోనిదే. వేకువజామున నాలుగు గంటలకు తల్లి లేపి నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడిదని ఆయనయే చెప్పుకొనెను. కేంబ్రిడ్జిలో ఆయనయు ఒక ప్రదర్శనశాలలో ఉద్యోగము చేయుచునే 1948 లో పి.హెచ్.డి. పొందెను. సుబ్బారావుగారు మరణించిన సంవత్సరమది. రావుగారు 2023 ఆగస్టున, నూట రెండేండ్ల వయస్సున కాలధర్మము చెందిరి. ఆ యేడే అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారము ఆయనకు వచ్చెను. ఒకరి ఆయువు మఱియొకరి ఆయువుతో పోల్చి ఫలితార్థము తీయుట సరికాదు. దేహములు వేఱు, దైవము వేఱు. కాని గొప్ప చదువునకు అల్పాయువు వెలగా చెల్లింపవలయుననుట మాత్రము అసత్యమని దీనివలన తెలియుచున్నది. తల్లి నాలుగింటికి లేపినదనిన, రాత్రి పెందలకడ పండుకొనబెట్టెననియు తెలియవలయును. లేపుట కథలలో నిలుచును, పండబెట్టుట నిలువదు.

విశ్రాంతి మాట మన శాస్త్రములలో లేదా? కలదు. ఈనాటివారు మఱచినది అదియే. వేదాధ్యయనము చేయు గురుకులములలో అనధ్యయన దినములని యుండెడివి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య తిథులలో పాఠము లేదు. రెండు పక్షములకు కలిపి లెక్కించినచో నెలకు ఎనిమిది దినములు, అనగా నాలుగవ వంతునకు మించి. ఇవిగాక ఉఱిమినను, దుమ్ముగాలి లేచినను, శిష్టుడు ఇంటికి వచ్చినను పాఠము ఆపవలయునని స్మృతులు విధించినవి. శిష్యుడు చదివెదనన్నను గురువు చెప్పకూడదు. రామాయణమున సుందరకాండలో హనుమంతుడు మరలి వచ్చి సీతాదేవి కృశించియున్న రీతిని వానరులకు చెప్పునప్పుడు, పాడ్యమినాడు చదువువాని విద్యతో ఆమెను పోల్చెను. అనధ్యయనమున చదివిన చదువు చిక్కిపోవునని అంత ప్రసిద్ధముగా నుండెను గనుకనే ఆ యుపమానము వానరులకు కూడ బోధపడినది! చరకమునను దేహమును నిలుపు మూడు ఊతలలో ఆహారము తరువాత నిద్రను చెప్పిరి.

నేటి శాస్త్రజ్ఞులు చెప్పునదియు దీనికి విరుద్ధము కాదు. పగలు నేర్చినది మెదడులో కుదురుకొనుట నిద్రలోనే చాలవఱకు జరుగును. పెద్దవారికి రాత్రి ఏడు గంటలకు తగ్గని నిద్ర కావలయుననియు వారు చెప్పుచున్నారు. రాత్రి రెండు గంటలదాక మేలుకొని చదివినవాడు గంపలో నీరు మోసినవానివలె తెల్లవాఱునప్పటికి ఖాళీ గంపతో నుండును.

నిద్ర, ఇల్లు, మిత్రులు ఏవియు లేక యేండ్లు గడచినప్పుడు మనసునకు వ్యాధి వచ్చును. ఇది మనవారు పైకి చెప్పుకొనని సంగతి గనుక నేను చెప్పక తప్పదు. 2018 లో ఒక ప్రసిద్ధ శాస్త్రపత్రికలో ప్రకటింపబడిన పరిశీలనలో 26 దేశముల పరిశోధక విద్యార్థులు మొదలగువారు 2,279 మందిని ప్రశ్నింపగా, నూటికి 39 మందిలో ఒక మోస్తరునుండి తీవ్రము వఱకు గల మనఃక్రుంగుబాటు లక్షణములు కనబడినవి. సామాన్య జనులలో ఈ లెక్క నూటికి ఆఱు మాత్రమే. ఆ ప్రశ్నలకు సమాధానమిచ్చుటకు ఎక్కువగా బాధపడువారే ముందుకు వచ్చియుండవచ్చును. అట్లు కొంత తగ్గించి చూచినను అది చిన్న సంఖ్య కాదు.

దాని గుర్తులు ఇంటివారు పట్టగలరు. మునుపు రోజువిడిచి రోజు మాటలాడు బిడ్డ నెలకొకమారు మాటలాడుట; "అంతా బాగానే ఉంది" అను ఒక్క వాక్యముతో ముగించుట; అన్నము సయించకుండుట; ఇష్టమైన పాటయు, ఆటయు మానుట; నావల్ల కాదు, నేనెందుకు అనుట. ఈ చివరి మాట విన్ననాడు మఱునాటి బస్సుదాక ఆగరాదు. ఆ రాత్రియే పోవలయును, లేదా దగ్గరనున్నవారిని పంపవలయును. 2022 అక్టోబరున ప్రభుత్వమువారు టెలిమానస్ అను టెలిఫోను సేవను ఆరంభించిరి. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను మాటలాడవచ్చును. తెలుగున సమాధానము చెప్పువారుందురు. జ్వరము వచ్చినప్పుడు వైద్యునికి చెప్పినట్లే దీనిని చెప్పుకొనవలయును. దిష్టి తీయించుట తీయింపుడు, నేను కాదనను. దానితోపాటు ఆ సంఖ్యకును ఫోను చేయుడు.

కుటుంబము విషయమున పెద్దలు విడిచిపెట్టవలసినవి కొన్ని కలవు. జ్ఞాతుల పెండ్లికి, గృహప్రవేశమునకు, పేరంటమునకు ప్రతిదానికి బిడ్డ రావలయునని పట్టుపట్టరాదు. వచ్చి మూడుదినములుండి పోయినచో పని మరల గాడిలో పడుటకు మఱి మూడు దినములు పట్టును. రెండు మూడు ముఖ్యమైనవి మీరే యెంచి, ఏడాది ముందు చెప్పి, తక్కినవానికి మీరే సమాధానము చెప్పుకొనుడు. బంధువులకు కోపము వచ్చినచో అది మీ నెత్తిన వేసికొనుడు. దానిని మోయుటకు మీకున్న అలవాటు బిడ్డలకు లేదు.

ఆడబిడ్డల విషయము ఇంతకంటె కఠినము. మగవాడు పరిశోధన చేయుచుండగా భార్య ఇల్లు నడపుట మనకు సహజముగా తోచును. భార్య చేయుచుండగా భర్త పాలు కాచుట నవ్వుగా తోచును. ఆ నవ్వు ఎంతకాలము సాగునో చూడవలయును. 2022 నిబంధనలలో పరిశోధన చేయు స్త్రీకి చదువు మొత్తములో 240 దినముల వఱకు ప్రసూతికిని, శిశుపోషణకును సెలవు పొందు హక్కు కలదు. ఇది దయగా ఇచ్చునది కాదు, వ్రాసియున్నది. అయినను అడుగుటకు జంకి, చంటిబిడ్డను వదలి ప్రయోగశాలకు పోవువారును, అడుగవచ్చునని తెలియక చదువే మానువారును కలరు. మీ కోడలు అట్టి స్థితిలో నున్నచో దరఖాస్తు వ్రాసి గురువుగారి ద్వారా విశ్వవిద్యాలయమునకు పంపుమని చెప్పుడు. బిడ్డను మేము చూచుకొందుమని మాట యిచ్చినచో దానిని నిలుపుకొనుడు. రాత్రి ఫోనులో బిడ్డ యేడ్పు వినిపించుట మాట నిలుపుకొనుట కాదు.

విశ్రాంతిని ఎవరు విధింపవలయును? వేదము చదువువానికి పాడ్యమినాడు గురువే పుస్తకము మూసెను. నేటి గురువునకు తన పనియే తలమునకలు. విద్యార్థి తనంతట తాను మూయడు. మూసినచో నేరము చేసితినని తోచును. బడిలోవలె గంట కొట్టువాడు లేనిచోట గంట కొట్టుట ఇంటి పెద్దలకే చెల్లును. "ఆదివారము పుస్తకము తెరవవద్దు" అని తండ్రి చెప్పినచో బిడ్డకు అది ఆజ్ఞ. తన యొల్లమితనము కాదు.

మన ఊరిమీదుగా ఏటేట కన్నడదేశపు భక్తులు శ్రీశైలమునకు కాలినడకన పోవుట చూచుచునే యున్నాము. వెంకటాపురము దాటి అడవిలో ప్రవేశించి, నాగలూటి యొద్ద ఆగుదురు. పెచ్చెర్వు కడ ఆగుదురు. భీముని కొలను దిగి యెక్కి, కైలాసద్వారము చేరుదురు. ఆగు తావులను నేటి నడచువాడు ఎంచుకొనలేదు. ఎప్పుడో పెద్దలు నీరున్నచోట, నీడయున్నచోట వానిని ఏర్పఱచిరి. నాగలూటి కడ చెట్టు క్రింద పరుండి కాళ్లకు నూనె రాచుకొనువానిని చూచి "ఇంకను నడువలేదా?" అని మనమెవ్వరము అడుగము, మజ్జిగ పోయుదుము.

రాబోవు సంక్రాంతికి మీ బిడ్డ వచ్చును. మొదటి రెండు దినములు పగలు పదిగంటల వఱకు నిద్రించును. లేపవలదు. మూడవనాడు తానే లేచి, పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చుండి, ఆ మన్ను తేమ సంగతియో, ఆ శాసనముల సంగతియో తనంతట తానే చెప్ప మొదలిడును. అప్పుడు మీకు సగము బోధపడకున్నను వినుడు.